అన్న నూరిన అంచు

మా అన్న తన కోసం ఒక కత్తి ఎంచుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. కత్తుల దుకాణంలో పుట్టి పెరిగినవాడికి అంతకాలం ఎందుకని చూసినవాళ్ళంతా నవ్వేవారు.

మా దుకాణం అఫ్జల్‌గంజ్‌లో, తాళ్ళూ గోనెసంచులూ అమ్మే దుకాణాల వరుసలో ఉంది. తాత పెట్టింది. వంటింటి కత్తులు, కత్తిపీటలు, అడకత్తెరలు, కొడవళ్ళు, మాంసం కొట్టే బరువు కత్తులు అమ్ముతాం. బక్రీద్ దగ్గర పడితే దుకాణంలో నిలబడటానికి చోటుండదు. బాపు గల్లా దగ్గర కూర్చునేవాడు, అన్న లోపల సానరాళ్ళ దగ్గర ఉండేవాడు. నేనప్పుడు ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. పెళ్ళై కార్వాన్‌కు వెళ్ళిపోయినా, సాయంత్రం ఇంటికి పోయే ముందు దుకాణంలో ఆగి టీ తాగడం మానలేదు.

అన్నకు అడవుల పిచ్చి. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి తప్పించుకునేవాడు గానీ, సెలవు దొరికితే చాలు, నలుగురు స్నేహితులతో కలిసి నల్లమల వైపు బయల్దేరేవాడు. దానికోసమే ఆ కత్తి వెతుకులాట. వచ్చిన ప్రతి కొత్త సరుకునూ చేతిలో పట్టుకుని చూసి, పిడి బిగించి ఊపి, పక్కన పెట్టేసేవాడు.

"ఇన్ని కత్తుల నడుమ కూసొని నీకొక్కటి దొరకదా అన్నా?" అన్నాను ఒకరోజు.

"కూరగాయల కత్తి ఇరిగితే ఇంకోటి కొనుక్కుంటవు చెల్లె. అడవిల నా కాడ గిదొక్కటే ఉంటది. ఆడ అఫ్జల్‌గంజ్ ఉండదు గదా!"

నిజానికి వాడు ఎంచుకున్నవి రెండు. ఒకటి రోజూ దగ్గర పెట్టుకునే మడత చాకు. వేలంత అలుగు, అంటే కోసే రేకు, తెరిస్తే కదలకుండా బిగుసుకునే తాళం. పురికొసలు కోయడానికి, జామకాయ కోసుకోవడానికి. అంతకన్నా పెద్దది జేబులో పెట్టుకునేవాడికి పని తక్కువ, చూపించుకోవడం ఎక్కువ అనేవాడు. దుకాణం దాటి బయటికి పోయేటప్పుడు దాన్ని సొరుగులో పెట్టేసి పోవాలన్నది బాపు ఆజ్ఞ.

"చార్మినార్ కాడ చెకింగ్‌ల నీ జేబులకెల్లి చాకు ఎల్లిందనుకో, ఏం చెప్తవు రా? కత్తుల సేటు కొడుకునంటే సలాం కొట్టి ఇడుస్తరా?"

రెండోది అడవి కత్తి. వెనకవైపు రంపం పళ్ళున్న పెద్ద పెద్ద కత్తులు అప్పటికే మార్కెట్లోకి వచ్చాయి. కుర్రకారు వాటినే అడిగేవారు. అన్న వాటిని ముట్టుకునేవాడు కాదు. ఆ పళ్ళు కట్టెనూ కోయవు, ఇంకేదీ కోయవు అనేవాడు. చివరికి వాడు ఎంచుకున్నది చూడటానికి ఏమంత గొప్పగా లేదు. అరచేయంత అలుగు, చెక్క పిడి. అలుగు ఉక్కు పిడి లోపల చివరిదాకా ఒకే ముక్కగా పోయింది. కట్టె చీల్చేటప్పుడు అలుగు వీపు మీద ఎంత కొట్టినా ఊడిపోదు. స్టెయిన్‌లెస్ కాదు, తుప్పు పట్టే మామూలు కార్బన్ స్టీలు.

"తుప్పు పట్టేదాన్ని ఎందుకు తీసుకున్నవు?" అని నేనే అడిగాను.

"నూనె రాస్తే తుప్పు రాదు. కానీ దీన్ని ఏ రాయి మీదైనా నూరుకోవచ్చు. వాగుల రాయి చాలు."

పిడి మీద మా దుకాణం గుర్తు, చిన్న తామరపువ్వు, తనే గుద్దుకున్నాడు.

వానాకాలం చివర్లో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాడు. మడత చాకు గల్లా సొరుగులో పెట్టాడు. ఇప్పుడు నేను పురికొసలు కోసేది దానితోనే.

ఆ తర్వాత జరిగింది మాకు అన్న స్నేహితులు చెప్పిందే. మధ్యాహ్నం ఒక బండ మీద అందరూ ఆగారు. నీళ్ళ సీసాలు నింపుకొస్తానని అన్న కిందకు, వాగు వైపు దిగాడు. వాన మొదలైంది. అరిచారు, దిగి వెతికారు. వాగు అప్పటికే ఎర్రగా పొంగుతోంది. వాడు లేడు.

అటవీ శాఖ వాళ్ళు వెతికారు. ఆ చుట్టుపక్కల పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, ఉండే చెంచులు మాకోసం వానలో తడుస్తూ తిరిగారు. బాపు అక్కడే ఒక స్కూలు వరండాలో పడుకుని రోజూ వాళ్ళ వెంట పోయేవాడు. వాన తెరిపివ్వలేదు. దొరికింది ఒక నీళ్ళ సీసా, అంతే. వాగులో కొట్టుకుపోయి ఉంటాడని అందరూ అన్నారు. బాపు కూడా చివరికి ఆ మాట నమ్మి, గడ్డం పెరిగిన మొహంతో ఛత్రినాకలోని ఇంటికి తిరిగొచ్చాడు. నేను ఆఫీసు మానేసి దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట కొన్నాళ్ళకే అనుకున్నాను.

మరుసటి ఎండాకాలంలో రేంజి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. తేనె కోసం పోయిన చెంచులకు వాగుకు చాలా ఎగువన, ఒక రాతి చూరు కింద, కత్తి ఒకటి దొరికిందట. పిడి మీద తామరపువ్వు ఉందట.

నేనూ బాపూ వెళ్ళాం. ఆఫీసరు ప్లాస్టిక్ కవరు ఒకటి బల్ల మీద పెట్టి, "చూడుండ్రి పెద్దమనిషి, మీదేనా?" అన్నాడు. కత్తి ఒరలోనే ఉంది. ఒర చుట్టూ బిస్కెట్ల కవర్లు చుట్టి, పైన బట్టపేలికతో కట్టి, చూరు కింద ఒక కొమ్మకు వేలాడదీసి ఉందని చెప్పాడు. దగ్గర్లో నరికి నిలబెట్టిన కర్రలు, పొయ్యి పెట్టిన బూడిద గుర్తులు. ఇంకేమీ లేవు. ఎముక ముక్క కూడా లేదు.

బాపు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దుకాణంలో చేసినట్టే చేతులు తుడుచుకుని, కత్తిని ఒరలోంచి తీసి, కిటికీ వైపు తిప్పాడు. గిరాకీ తెచ్చిన పాత కత్తిని చూసినట్టే నెమ్మదిగా చూశాడు.

"వీపు మీద దెబ్బలున్నయ్. కట్టెను చీల్చిండు. వానకు తడిసిన కట్టె పైన అంటుకోదు. లోపలి ఎండు కట్టె కోసం చీల్చిండు."



"మొన ఇరిగింది. రాళ్ళ నడుమ ఏదో తవ్విండు. గడ్డలేమో."

అంచును కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆఫీసరు కుర్చీలో కదిలాడు.

"రాయి మీద నూరిండు. గరుకు రాయి, గీతలు చూడు. చెయ్యి వణకలేదు బిడ్డా, గీతలన్ని ఒక్క తీరుగ ఉన్నయ్." పిడి పక్కన గోరంత మేర వేలు పెట్టి చూపించాడు. అక్కడ అంచు మొద్దుగానే ఉంది. "గీ మూల చూడు. ఎన్నిసార్లు చెప్పిన. ఎప్పుడు గిట్లనే ఇడిచిపెడ్తడు."

తప్పు పట్టే గొంతుతోనే అన్నాడు. ఆ మాట అన్నాక మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, కల్వకుర్తి దాటాక, నన్ను చూడకుండానే అన్నాడు. "ఒక్కసారి నూరింది గాదు. నూరిండు, వాడిండు, మొద్దువోయింది, మళ్ళ నూరిండు. గీతల మీద గీతలున్నయ్. మనం ఎతుకుడు ఆపినంక గూడ నూరిండు."

"గది ఎట్ల తెలుస్తది బాపూ?"

కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాకు తెలుసు, ఏ అంచు మీదా తారీఖు ఉండదు. ఆ మాట పైకి అనలేకపోయాను. అప్పటినుంచి నేనూ ఆ లెక్కే నమ్ముతూ బతుకుతున్నాను. వాగు తీసుకుపోయిందనుకున్న అన్న, మేము ఇంట్లో అన్నం తింటున్న రోజుల్లో, రాతి చూరు కింద కూర్చుని కత్తి నూరుకుంటూ ఉన్నాడు.

అంతకన్నా తెలియనిది మరొకటి ఉంది. ఆ కత్తిని అంత జాగ్రత్తగా చుట్టి, నూనె రాసి, కట్టి ఎందుకు వేలాడదీశాడు? మళ్ళీ వద్దామనుకునేవాడే అలా పెడతాడు. అడవిలో తన దగ్గర ఉన్నది అదొక్కటే అన్నవాడు, దాన్ని వదిలి ఎక్కడికి పోయాడు? ఈదడానికా? ఎవరో పిలిచినట్టు వినబడిందా? జ్వరమా? ఇంటికి తెచ్చిన రోజు అమ్మ మాత్రం ఒరను ముక్కు దగ్గర పెట్టుకుని, "కొబ్బరినూనె. తలకు పెట్టుకునే నూనె" అంది. కొన్నాళ్ళు కత్తిని ఒరతో సహా తలగడ కింద పెట్టుకుని పడుకుంది. ఇనుము దగ్గరుంటే భయం రాదంటారు. అమ్మకు అలాంటి భయమేమీ లేదని నాకు తెలుసు.

ఆ ఏడు బోనాలప్పుడు మా గల్లీలో పూనకం వచ్చిన ఆమె ముందు అమ్మ నిలబడింది. "నా కొడుకేడున్నడు తల్లీ?" అని అడిగింది. ఆమె అమ్మ మొహంలోకి చూసింది, వేపాకు కొమ్మ భుజం మీద ఆనించింది, ఏమీ చెప్పకుండా పక్కనున్న మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మ ఇంటికొచ్చి బోనం కుండ కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

దుకాణంలో పరిస్థితి వేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, షట్టరు సగం దించి ఉన్న వేళ, లోపలి గదిలోంచి రాయి మీద ఉక్కు జారే చప్పుడు వినబడేది. సర్... సర్... ఆగి, మళ్ళీ సర్. మొదటిసారి బాపు తల ఎత్తి నన్ను చూశాడు.

"ఇనబడ్డదా?"

"పక్క దుకాణంల బాపూ," అన్నాను.

పక్క దుకాణంలో తాళ్ళు తప్ప ఏమీ లేవు. ఇద్దరికీ తెలుసు. నేను లేచి లోపలికి వెళ్ళి చూస్తే సానరాళ్ళు పొడిగా ఉండేవి. కొన్నిసార్లు ఆ చప్పుడు నిజంగా విన్నానో, బాపు మొహం చూసి విన్నాననుకున్నానో చెప్పలేను. ఎవరైనా గిరాకీ కత్తి తీసి, అన్న చేసినట్టే, బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూస్తే చాలు, బాపు చేస్తున్న పని ఆపేసేవాడు.

అడవికి పోవడానికి కత్తి కావాలని ఎవరైనా అడిగితే బాపు చెప్పులేసుకుని టీకి వెళ్ళిపోయేవాడు. వాళ్ళు పోయాకే వచ్చేవాడు. ఏది ఇవ్వాలో నేనే చెప్పేదాన్ని. అన్న మాటలే నా నోట్లోంచి వచ్చేవి. రంపం పళ్ళు వద్దు, పిడి దాకా ఒకటే ఉక్కు ఉందో లేదో చూసుకోండి, ఒర గట్టిగా ఉండాలి. చెప్తుంటే గొంతు నాది కాదేమో అనిపించేది.

ఒకరోజు ఒక అమ్మాయి వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగమట. ఫోనులో బొమ్మ చూపించింది. జానెడు కన్నా పొడుగు, వెనక పళ్ళు, పిడిలో దిక్సూచి.

"ఫ్రెండ్స్‌తో ట్రెకింగ్ పోతున్నం. ఇట్లాంటిది ఉందా అంకుల్?"

నేను బాపు చెప్పుల వైపు చూశాను. ఆయన కదల్లేదు.

"ఏడికి పోతున్నరు బిడ్డా?"

ఆ అమ్మాయి అడవి పేరు చెప్పింది. మా అడవే.

బాపు లేచి లోపలికి వెళ్ళి, అరచేయంత అలుగున్న కత్తి ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "పట్టుకొని చూడు. చెయ్యి తిప్పు. చెమట చేయితోని జారుతదా?"

"చాలా చిన్నగుంది అంకుల్."

"గింతే గావాలె. ఆ ఫోన్లున్నది మోసుటానికే బరువు. నీ బ్యాగుల అడుగునే ఉంటది, అక్కరకు రాదు." ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని ఒరలో పెడుతూ, "గుంపుల నుంచి పక్కకు పోవాలంటే ఎవలకు చెప్పి పోతవు?" అన్నాడు.

ఆమె నవ్వింది. "నీళ్ళకు, బాత్రూంకు పోతే కూడా చెప్పాలా?"

"చెప్పాలె. ఒక్కదానివి పోవద్దు. నీళ్ళకైతే అసలే పోవద్దు." గల్లా కింది సొరుగు లాగి ఒక స్టీలు విజిల్ తీశాడు. పోలీసోళ్ళ దగ్గర ఉండేలాంటిది. దాని తాడు కత్తి ఒరకు ముడివేశాడు. "మనిషి గొంతు వానల వంద గజాలు గూడ పోదు. గిది పోతది. కత్తి ఎంత మంచిదైనా నీ కోసం ఎవలను పిలుస్తది?"

ఆ అమ్మాయి నవ్వడం ఆపి, నా వైపూ బాపు వైపూ చూసింది. ఏమీ అడగలేదు. అడగనందుకు ఈరోజుకీ ఆమెంటే నాకు ఇష్టం.

ఆమె వెళ్ళాక సొరుగు లాగి చూశాను. అలాంటి విజిళ్ళు ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఎప్పుడు తెచ్చి పెట్టుకున్నాడో నాకు తెలియదు. ఆ తర్వాత అడవి కత్తి ఏది అమ్మినా దాని ఒరకు ఒకటి కట్టి ఇస్తున్నాం.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయే కత్తి సాన పట్టించడానికి వచ్చింది. బాపు దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తుంటే నేను లెక్క రాయడం ఆపేశాను. "టమాటలు కోసిండ్రు. నిమ్మకాయలు కోసిండ్రు, తుడువలేదు, మరకలు పడ్డయ్," అన్నాడు. "మంచిదే." చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వులాంటిది చూశాను.

ఇంట్లో అన్న కత్తి బీరువాలో ఉండేది. బాపు నెలకోసారి తీసి నూనె రాసేవాడు. అంచుకు మాత్రం వేలు తగలనిచ్చేవాడు కాదు. దసరాకు దుకాణంలోని ప్రతి కత్తికీ పసుపు కుంకుమ పెట్టినా దానికి పెట్టలేదు. తడికి అంచు పాడవుతుందని. అది అన్న చేతులు చివరగా చేసిన పని. గీతలు చెరిగితే ఇంకేం మిగలదు.

ఒక ఆదివారం పొద్దున నేను ఛత్రినాకకు వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో కింద కూర్చుని ఆ కత్తితో సొరకాయ కోస్తోంది. జీవితమంతా కత్తిపీట మీద కోసిన చేయి. ముక్కలు వంకర టింకరగా పడుతున్నాయి. గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు.

"పెట్టు. దాన్ని కింద పెట్టు," అన్నాడు. ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "అంచు పోతది! తెలుస్తున్నదా నీకు?"

అమ్మ తల ఎత్తలేదు. "పోనీ."

"వాడు నూరింది..."

"వాడు నూరిందనే కోస్తున్న. ఎందుకు నూరిండు వాడు? బీరువల పెట్టుటానికా? తినుటానికే గద నూరుకున్నడు. ఏం తిన్నడో, ఏం తినలేదో." కత్తి ఆగింది. "మనకు పెట్టనీయి. నా కొడుకు చేతిది కొన్ని రోజులు తింట."

బాపు వీధిలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. వంకర ముక్కల సొరకాయ కూర కలుపుకుని, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

అప్పటినుంచి అమ్మ రోజూ దానితోనే కోసేది. బీరకాయ, ఉల్లిగడ్డ, చింతచిగురు. సాయంత్రం ఇంటికి చేరగానే బాపు, "ఇయ్యాల ఏం కోసినవ్?" అని అడిగేవాడట. తర్వాత కత్తి తీసుకుని చూసేవాడట. వాగు రాయి గీతలు ఒక్కొక్కటే పలచబడటం ఆయన చూశాడు. ఆపమని మాత్రం మళ్ళీ అనలేదు.

చలికాలంలో ఒక పొద్దున, దుకాణానికి పోయే ముందు నేను ఛత్రినాకలో ఆగితే, అమ్మ నా టిఫిన్ సంచిలో దాన్ని బట్టలో చుట్టి పెట్టింది. "టమాట తోలు గూడ తెగుతలేదు. బాపుకియ్యి," అంది.

దుకాణంలో ఇచ్చాను. బాపు విప్పి, అంచు చూడనైనా చూడకుండా లోపలికి తీసుకుపోయాడు. సానరాయి నీళ్ళలో నానబెట్టి, పీట మీద కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. చాలాసేపు కత్తి రాయి మీద ఆనించి ఊరికే కూర్చున్నాడు. తర్వాత చేయి కదిలింది. సర్... సర్... ఇన్నాళ్ళూ వింటున్న చప్పుడు ఈసారి కళ్ళ ముందు ఉంది. రాయి మీద బూడిదరంగు నీళ్ళు చేరాయి. అరిగిన ఉక్కుతో చిక్కబడిన నీళ్ళు. ప్రతిసారీ మగ్గుతో కడిగి మోరీలోకి తోసేస్తాం.

ఆయన మగ్గు ముట్టుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి, ఆ బూడిదనంతా మెల్లగా దానితో అద్దుకున్నాడు. రాయిని మళ్ళీ తడిపి, మళ్ళీ నూరి, మళ్ళీ అద్దుకున్నాడు. పని అయ్యాక తువ్వాల మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"గిది మీ అమ్మకియ్యి. చెయ్యి పైలమని చెప్పు," అని కత్తి నా చేతికిచ్చి, ముందు గదిలో అడకత్తెర కోసం నిలబడ్డ ముసలాయన దగ్గరికి వెళ్ళాడు.

మర్నాటికి తువ్వాల మీది బూడిదరంగు తుప్పు రంగుకు తిరిగింది. అమ్మ దాన్ని మిగతా బట్టలతో కలిపి నానబెట్టి ఉతికింది. మరక పోలేదు. ఇప్పుడు కూడా ఆయన రోజూ అదే తువ్వాల వేసుకుని దుకాణానికి వస్తాడు. మధ్యాహ్నం లోపలి గదిలో చప్పుడైతే దాంతోనే మొహం తుడుచుకుని, వింటూ కూర్చుంటాడు. నన్ను మాత్రం ఏమీ అడగడు.